నాలుగు కోర్లు, ఒకే మెమరీ: గడువు తప్పకుండా పంచే విధానం

పలాస జీడిపప్పు పరిశ్రమ కోసం, రంగును బట్టి పప్పును వేరుచేసే చిన్న యంత్రాన్ని రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో తయారు చేస్తున్నారనుకుందాం. దాని ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లలో (విడివిడిగా లెక్కలు చేసే భాగాలలో) మూడు కెమెరా చిత్రాలను పరిశీలిస్తాయి. నాలుగో కోర్ ప్రతి 2 మిల్లీసెకన్లకు ఒకసారి మేలుకొని, నాసి పప్పు వస్తే దాన్ని పక్కకు ఊదే గాలి వాల్వును తెరవాలి. ఆలస్యమైతే ఆ గాలి తగిలేది వెనక వస్తున్న మంచి పప్పుకు.

చాలామంది విద్యార్థులు వాల్వు పనికి లినక్స్‌లో ఫిఫో పద్ధతికి అన్నిటికంటే పైదైన ప్రాధాన్యం 99 ఇచ్చి, ఆ కోర్‌ను మిగతా పనులనుంచి వేరుచేసి, పని అయిపోయిందనుకుంటారు. అది అవసరమే కాని చాలదు. ప్రాధాన్యం కోర్ మీద వంతును మాత్రమే తేలుస్తుంది. నాలుగు కోర్లూ కలిసి వాడుకునే 1 ఎంబీ ఎల్2 క్యాష్‌కు (తరచూ కావలసిన డేటాను దగ్గర ఉంచే చిన్న, వేగవంతమైన మెమరీకి) గాని, ప్రధాన మెమరీకి వచ్చే కోరికలను నడిపే మెమరీ కంట్రోలర్‌కు గాని ఆ సంఖ్య తెలియదు. వంశధార కాలువ శివారు రైతు తన తూమును ఎంత బాగుచేసుకున్నా, ఎగువన మోటార్లు పెట్టి తోడేస్తుంటే మడి తడవదు. కట్టడి ఎగువనే జరగాలి.

ముందుగా కొలవండి. వాల్వు పనిని ఒంటరిగా నడిపి, పట్టిన గరిష్ఠ సమయాన్ని నమోదు చేయండి. సగటుతో ఇక్కడ పనిలేదు. తరువాత మిగిలిన మూడు కోర్ల మీద, క్యాష్‌లో పట్టనంత పెద్ద అర్రేలలో ఎడతెగకుండా రాసే ప్రోగ్రాములను నడుపుతూ మళ్ళీ కొలవండి. కెమెరా డేటా కోర్లతో నిమిత్తం లేకుండా నేరుగా మెమరీలోకి వెళ్తుంది కనుక దాన్ని ఆన్‌లోనే ఉంచాలి. 80 డిగ్రీల దగ్గర ఈ బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి, మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద కూడా ఒకసారి కొలవడం మంచిది.

రెండు గరిష్ఠాల మధ్య తేడా గడువును మింగేస్తుంటే, చిత్రాల కోర్లకు మెమరీ బడ్జెట్ పెట్టాలి, అంటే నిర్ణీత సమయంలో ఒక్కో కోర్ మెమరీని ఎంతవరకు వాడుకోవచ్చో హద్దు పెట్టాలి. 2013లో వెలువడిన మెమ్‌గార్డ్ పద్ధతి ఇదే. ఒక కోర్‌కు సెకనుకు 100 ఎంబీ అనుకుంటే, మిల్లీసెకనుకు లక్ష బైట్లు. క్యాష్ ఒక్కసారికి తెచ్చుకునే ముక్క (క్యాష్ లైను) 64 బైట్లు కనుక దాదాపు 1,562 క్యాష్ మిస్సులు, అంటే కావలసింది క్యాష్‌లో లేక మెమరీకి వెళ్ళాల్సిన సార్లు. ఈ మిస్సులను లెక్కపెట్టే హార్డ్‌వేర్ కౌంటర్ ఆ సంఖ్యను దాటగానే ఇంటరప్టు వచ్చి, తరువాతి మిల్లీసెకను మొదలయ్యేదాకా ఆ కోర్‌ను ఆపుతుంది. క్యాష్‌నుంచి మెమరీకి తిరిగి రాసే రద్దీ ఈ మిస్సుల లెక్కలోకి రాదు కాబట్టి బడ్జెట్‌ను కొంత బిగించే ఉంచండి.

క్యాష్‌ను పేజీ రంగులతో విభజించడం మరో మార్గం: మెమరీ పేజీలను అవి క్యాష్‌లో పడే చోటును బట్టి గుంపులు (రంగులు) చేసి, ఒక్కో పనికి కొన్ని రంగులే ఇవ్వడం. ఈ 1 ఎంబీ క్యాష్ 16 సమాన భాగాలుగా (16-వే) ఉంటుంది, ఒక్కో భాగం 64 కేబీ; పేజీ 4 కేబీ కనుక 16 రంగులు వస్తాయి. అయితే దీనికి ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లో పేజీలు కేటాయించే భాగాన్నే మార్చాలి. పైగా చిత్రాల పనికి క్యాష్ తగ్గిస్తే దాని మిస్సులు పెరిగి, ఆ భారం మెమరీ మీద పడుతుంది. అందుకే నేను బడ్జెట్‌నే ముందు పెట్టమంటాను.

వాల్వు పని గరిష్ఠ సమయం గడువులోపు, కొంత మిగులుతో, నిలిచేదాకా బడ్జెట్‌ను అంచెలంచెలుగా తగ్గిస్తూ, ప్రతి అంచెలోనూ చిత్రాల పరిశీలన బెల్టు వేగాన్ని అందుకుంటోందో లేదో చూడండి. అందుకోలేకపోతే బడ్జెట్ పెంచకుండా, చిత్రం పరిమాణాన్నో బెల్టు వేగాన్నో తగ్గించండి. కెమెరా సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా ఈ కొలతలన్నీ మొదటినుంచి తీయాలి.