శిక్షణ పూర్తయింది, పాఠం మారలేదు: లోపం ఎక్కడుంది, ఏం చేయాలి?

సమస్య: టీచరు ఐదు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. అక్కడిచ్చిన మాడ్యూల్ (శిక్షణ పుస్తకం) బీరువాలో చేరింది, పాఠం మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది.

దీన్ని టీచరు బద్ధకం కింద జమకట్టడం అన్యాయం. హాల్లో విన్న పద్ధతిని నలభై మంది పిల్లల ముందు చేసి చూపడం వేరే పని. తరగతి గదిలో పక్కన ఉండి సాయం చేసే కోచ్ లేకపోతే శిక్షణలో నేర్చుకున్నది పాఠందాకా రావడం అరుదని జాయిస్, షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980లలోనే చెప్పారు. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. గంటలు నిండినంత మాత్రాన పాఠం మారదు.

పరిష్కారం: మీరు కోచ్ అయితే, టీచరుతో కలిసి ఒకసారికి ఒక్క నైపుణ్యమే పట్టుకోండి. ఉదాహరణకు, ప్రశ్న వేశాక ఆగడం. చాలామంది టీచర్లు ఒక్క సెకను కూడా ఆగరు. కనీసం 3 సెకన్లు ఆగితే ఎక్కువ మంది నోరు విప్పుతారు, జవాబులూ పెద్దవవుతాయి.

నాలుగో తరగతిలో "1/2 పెద్దదా, 1/3 పెద్దదా?" అని అడగగానే ముందు బెంచీ నుంచి "1/3" అని వినిపిస్తుంది. రెండు కన్నా మూడు పెద్దది కదా! టీచరు "కాదు, 1/2" అని బోర్డు మీద రాసేసి ముందుకెళ్తారు. ఇక్కడే ఆగాలి. "ఎందుకనుకున్నావ్?" అని అడిగి, ఒకే కొలత కాగితాలు రెండిచ్చి మడిచి చూడమనాలి.

ముందురోజు ఖాళీ గదిలో 10 నిమిషాలు మీరూ టీచరూ ఇది సాధన చేయండి, మీరు తప్పు జవాబు చెప్పే పిల్లవాడవ్వాలి. మర్నాడు 15 నిమిషాలు పాఠం చూడండి. ఏ ప్రశ్న, ఎన్ని సెకన్లు ఆగారు, ఎవరు జవాబిచ్చారు: ఇంతే రాసుకోండి. ఆ సాయంత్రమే మాట్లాడండి, వచ్చే వారం మళ్లీ ఇదే అంశం చూడండి.

సమస్య: ఆగినా తరగతంతా మౌనం.

హైదరాబాద్ సర్కారు బళ్లలో ఇది తరచూ భాష చిక్కే. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు లెక్క తెలిసినా మాట దొరకదు. ముందు పక్కవాళ్లకు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పనివ్వండి, ఆ తర్వాత ఇంగ్లిష్ అడగండి. ఉర్దూ మీడియం తరగతికి ఉర్దూ రాని కోచ్‌ను పంపితే పిల్లల జవాబులే అర్థం కావు. అదే మీడియం టీచరును వెంట కూర్చోబెట్టుకోండి.

సమస్య: కోచ్ రాగానే టీచరు నిన్న చెప్పిన పాఠమే మళ్లీ చెబుతారు.

దాన్ని తనిఖీ అనుకోవడమే కారణం. పరిశీలన కాగితం టీచరుకే ఇచ్చేయండి, హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడి) రిజిస్టరులోకి ఎక్కించకండి. ఈ మాట మొదటి రోజే హెచ్ఎం నోట చెప్పించండి.

సమస్య: "అలాగే సార్" అంటారు, ఏమీ మారదు.

ఒకేసారి ఏడు సలహాలిచ్చి ఉంటారు. ఒక్కటి ఉంచి, ఏ పీరియడ్‌లో చేస్తారో టీచరు చేతే రాయించండి.