కిలో కందిపప్పుతో ల్యాప్‌టాప్ పరీక్ష: కొత్త మోడల్ కోసం ఆగాలా, ఇప్పుడే కొనాలా?

"అక్కా, ఇప్పుడే కొనకు. రెండు నెలలు ఆగితే కిలో లోపుది వస్తది. ఫ్యానే ఉండదంట. ఒక్కసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు ఆగుతదంట."

మా తమ్ముడు ఈ మెసేజ్ పెట్టడం ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి. కింద ఒక నిగనిగలాడే బొమ్మ కూడా ఉంటుంది. పక్క నుంచి చూస్తే అప్పడమంత మందం. వాడు హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసులో పనిచేస్తాడు. నేను కాజీపేట నుంచి స్కూటీ మీద ఎనుమాముల మార్కెట్‌కు పోయి అడ్తి దుకాణాల (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టేవాళ్ల) ఖాతాలు రాస్తాను, రెండు జిన్నింగ్ మిల్లుల జీఎస్టీ చూస్తాను. వాడి టేబుల్ మీద దుమ్ము ఉండదు. నా చుట్టూ మిర్చి బస్తాలు.

మూడేళ్ల కింద ఇలాంటి మాటలే నమ్మి ఐదు నెలలు ఆగాను. తీరా కొన్న సన్నటి ల్యాప్‌టాప్‌లో నాకు బాగా అవసరమైనవే రెండు లేవు. అందుకే ఈసారి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీరు కూడా ఏదో ఒక మోడల్ వస్తుందని ఎదురుచూస్తుంటే దీన్ని వాడుకోండి. ఖర్చేమీ లేదు, ఒక అట్టముక్క, ఒక పప్పు ప్యాకెట్ చాలు.

ముందు సంచి తూకం వేయండి

ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు, రోజూ భుజానికి వేసుకునే సంచి మొత్తం. మా వీధి కిరాణా కొట్టు కాంటా మీద నాది పెడితే 5 కిలోల 650 గ్రాములు వచ్చింది. తర్వాత ఒక్కొక్కటి తీసి విడిగా తూచాను. ల్యాప్‌టాప్ 1,480 గ్రాములు. చార్జర్, దాని వైర్లు కలిపి 380. ల్యాప్‌టాప్‌కు లేని పోర్టుల కోసం తగిలించుకునే హబ్ 90. నిండా నీళ్లున్న స్టీలు బాటిల్ 1,300. టిఫిన్ డబ్బా 700. ఫైళ్లు, తక్‌పట్టీల (సరుకు అమ్మిన చీటీల) కట్టలు 900. ఖాళీ సంచే 800. కొట్టాయన "ఏందమ్మా, నీళ్లు కూడా జోకుతున్నవా" అని నవ్వాడు కానీ నాకు కావలసిన లెక్క అక్కడే దొరికింది.

రాబోయేది నిజంగా కిలో లోపే ఉంటే నాకు తగ్గేది సుమారు అర కిలో. అదే ఈ పాత ఇటుకలాంటి చార్జర్ బదులు 65 వాట్ల చిన్న గ్యాన్ (గాలియం నైట్రైడ్‌తో చేసే కొత్త రకం) చార్జర్ కొంటే దాదాపు 200 గ్రాములు ఇవాళే తగ్గుతాయి. దానికోసం ఏ కంపెనీ ప్రకటనా అక్కర్లేదు. చార్జర్ వెంటనే మార్చేశాను. నీళ్ల బాటిల్ జోలికి మాత్రం పోలేదు, ఏప్రిల్‌లో రేకుల షెడ్డు కింద కూర్చునేవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

అట్టముక్క, పప్పు ప్యాకెట్

ఊహాగానాల్లో పొడవు, వెడల్పు, మందం అంకెలు తిరుగుతుంటాయి కదా. ఆ కొలతలకు అట్టపెట్టె కోసి, రెండు మూడు పొరలు అంటించి, దానికి కిలో కందిపప్పు ప్యాకెట్ టేపుతో కట్టండి. పాత ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి, పని లేని ఒక రోజు దీన్ని సంచిలో వేసుకుని మీరు మామూలుగా తిరిగే దారంతా తిరగండి. నేను కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా మీదుగా ఎనుమాముల దాకా పోయి వచ్చాను. భుజానికి తేడా తెలిసింది, అబద్ధం చెప్పను. కానీ ఇంకో సంగతి కూడా తెలిసింది. అడ్తి దుకాణంలో నాకు టేబుల్ ఉండదు, ఒడిలో పెట్టుకునే టైప్ చేస్తాను. అట్ట మీద చేతులు పెట్టి చూస్తే 13 అంగుళాల సైజులో మణికట్టు అంచు మీద వేలాడుతోంది. నాకు 14 అంగుళాలు కావాలి. ఏ రివ్యూ చదివినా ఈ ముక్క నాకు తెలిసేది కాదు.

పుకార్లకు జల్లెడ

అన్ని పుకార్లూ ఒక తీరుగా ఉండవు. మార్కెట్లో జెండా పాటలో (వేలంలో) పలికే ధర వేరు, టీ కొట్టు దగ్గర చెప్పుకునే ధర వేరు.

నేను ఎక్కువ నమ్మేది చిప్ (ప్రాసెసర్) వార్తల్ని. ల్యాప్‌టాప్ కంపెనీ ఏమీ చెప్పకముందే చిప్ కంపెనీ తన చిప్‌ను బహిరంగంగా ప్రకటిస్తుంది. జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగే సీఈఎస్, వేసవిలో తైపేలో జరిగే కంప్యూటెక్స్ అందుకు పెద్ద వేదికలు. ఏ చిప్ అనేది తెలిస్తే సగం సంగతులు తేలిపోతాయి. ఉదాహరణకు 2024 సెప్టెంబరులో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్ చిప్‌లో ర్యామ్ చిప్ ప్యాకేజీలోనే కలిసి వస్తుంది, 16 జీబీ లేదా 32 జీబీ. అందులో తర్వాత పెంచుకునే దారే లేదు. ఆ చిప్ వాడుతున్నారని తెలియగానే "ర్యామ్ స్లాట్ ఉంటుందంట" అనే పుకారును చెరిగి పారేయొచ్చు.

తర్వాతి స్థానం రిజిస్ట్రేషన్లది. మన దేశంలో ల్యాప్‌టాప్ అమ్మాలంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అక్కడ మోడల్ నంబర్ కనబడితే సరుకు మన దాకా వచ్చే అవకాశం ఉందన్నమాట. అంతే. ఫ్యాన్ ఉందా, కీబోర్డు ఎలా ఉంది అనేది ఆ నంబర్ చూసి చెప్పేవాళ్లు జాతకం చెబుతున్నట్టే.

బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) స్కోర్ల స్క్రీన్‌షాట్లలో పరికరం పేరు దొంగగా కూడా రాయొచ్చు, కాబట్టి సగమే నమ్మండి. ఇక ఆ నిగనిగలాడే బొమ్మలు, తమ్ముడు పంపేవి, అవి ఎవరో కంప్యూటర్‌లో గీసుకున్న కోరికలు. చూసి ఆనందించండి.

కోరికల చీటీ

ఇక అసలు పని. మీ పని ఎక్కడ ఆగిపోతే నష్టమో అవి రాయండి. నాది నాలుగు లైన్లు, అందులో మొదటి రెండే ప్రాణం.

ఒకటి, మామూలు యూఎస్‌బీ పోర్టు, పెన్‌డ్రైవ్ పెట్టే వెడల్పాటిది. మా చుట్టాలకు డీఎస్సీ అంటే టీచర్ ఉద్యోగాల పరీక్ష. మాకు డీఎస్సీ అంటే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉండే డిజిటల్ సంతకం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల జీఎస్టీ రిటర్న్‌కు అది లేనిదే పని జరగదు. నా ల్యాప్‌టాప్‌కు ఉన్నవి రెండు టైప్-సీ పోర్టులే. రెండేళ్ల కింద ఒక 20వ తారీఖు సాయంత్రం, 3బీ అనే జీఎస్టీ రిటర్న్‌కు ఆఖరి రోజు, మిల్లులో కూర్చుని టోకెన్ పెడితే హబ్ మీద లైటు వెలగలేదు. తీసి పెట్టాను, ఊదాను, తిప్పి పెట్టాను. చివరికి మిల్లు క్లర్కు డెస్క్‌టాప్‌లో టోకెన్ డ్రైవర్ (టోకెన్‌ను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రాం), సంతకం పెట్టే సాఫ్ట్‌వేర్ మొదటి నుంచి ఎక్కించి రిటర్న్ వేసేసరికి రాత్రి 11:40. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు ఫీజు, అదేం పెద్దది కాదు. కానీ ఆ నాలుగు గంటల టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

2008 జనవరిలో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ కవర్లోంచి తీసి చూపించిన మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌కు కూడా ఒకటే యూఎస్‌బీ పోర్టు, సీడీ డ్రైవ్ లేదు. 2015లో వచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్‌కు చార్జింగ్‌కూ అన్నిటికీ కలిపి ఒకే ఒక్క టైప్-సీ. బరువు మాత్రం 920 గ్రాములు. కాబట్టి "ఇంకా సన్నం" అనే పుకారు వినగానే నేను ముందు అడిగేది దేన్ని పీకేశారని.

దీనికి తోడు ఇంకో చిక్కు. 2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌తో విండోస్ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. బ్యాటరీ బాగా వస్తుంది. మామూలు ప్రోగ్రాములను అవి అనువదించుకుని నడిపిస్తాయి గానీ, డ్రైవర్లకు ఆ సౌకర్యం లేదు. డ్రైవర్ ఆ చిప్ కోసమే ప్రత్యేకంగా తయారై ఉండాలి. టోకెన్, పాత ప్రింటర్, బార్‌కోడ్ మెషీన్ వాడేవాళ్లు తమ పరికరం తయారుచేసినవాళ్లను అడిగి తెలుసుకున్నాకే డబ్బులు తీయాలి. మ్యాక్ సంగతి నాకు ఇంకా సులువు, నేను ఖాతాలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి ఆ చర్చే లేదు.

రెండు, దుమ్ము. ఇది నా సొంత గోల. మిర్చి సీజన్‌లో యార్డులో గాలే ఎర్రగా ఉంటుంది. తేజ రకం మిర్చి బస్తాలు కుమ్మరిస్తుంటే హమాలీలు ముక్కుకు తువ్వాలు కట్టుకుంటారు, ల్యాప్‌టాప్‌కు ఎవరు కడతారు? పోయినేడు ఫ్యాన్ గుర్రుగుర్రుమంటుంటే హనుమకొండలో రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకుపోయాను. వెనక మూత ఊడదీశాడు. ఫ్యాన్ రెక్కల ముందు, సన్నటి రాగి రేకుల మీద, ఎర్రటి దూది పొర పరుచుకుని ఉంది. బ్రష్‌తో ఒక్కసారి గీకాడో లేదో వరసగా ఏడు తుమ్ములు. "మేడం, ఇది ల్యాప్‌టాపా, కారం డబ్బానా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

అందుకే "ఫ్యాన్ లేదంట" అనే పుకారు ఒక్కటే నన్ను నిజంగా ఊరిస్తోంది. ఫ్యాన్ లేకపోతే గాలి లోపలికి లాగదు, కారం పోదు. కానీ దీనికీ ధర ఉంది. ఫ్యాన్ లేనిది వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. పైగా చాలా ల్యాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్లలో, చివర్లో చిన్న అక్షరాల్లో, పనిచేసే చోట వేడి 35 డిగ్రీల దాకానే అని రాసి ఉంటుంది. మే నెలలో వరంగల్ నలభై దాటుతుంది. టాలీకి, ఎక్సెల్‌కు ఫర్వాలేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు మాత్రం ఫ్యాన్ ఉన్నదే చూసుకోండి.

కీబోర్డు కూడా దుమ్ము లెక్కలోకే వస్తుంది. ఆ 2015 మ్యాక్‌బుక్‌తో మొదలైన బటర్‌ఫ్లై కీబోర్డు సన్నదనం కోసమే చేసింది. నలుసు పడితే కీ పట్టేసేది. 2018లో ఉచిత రిపేరు పథకం పెట్టాల్సి వచ్చింది, 2020 నాటికి ఆపిల్ దాన్ని పూర్తిగా వదిలేసింది. పుకార్లలో "కొత్త రకం కీబోర్డు" అని వస్తే నేను సంతోషించను. ఒక ఏడాది జనం వాడాక చూస్తాను.

మూడోది ర్యామ్. ఊహించొద్దు, చూసుకోండి. మీ పని మధ్యలో, అన్నీ తెరిచి ఉన్నప్పుడు, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ ఎంత నిండిందో చూడండి. నాకు 8 జీబీలో 7.4 నిండి ఉంటోంది. అతికించిన ర్యామ్ కాబట్టి పెంచే వీలు లేదు. ఈసారి 16 కంటే తక్కువైతే ఎంత తేలికైనా వద్దు.

నాలుగోది స్క్రీన్. పగటి వెలుతురులో పనిచేసేవాళ్లకు మెరవని మ్యాట్ స్క్రీన్, కనీసం 400 నిట్లు (వెలుతురు కొలత). ఓఎల్‌ఈడీ రకం స్క్రీన్ అందంగా ఉంటుంది, కానీ అద్దంలా మెరిసేవే ఎక్కువ. షెడ్డులో కూర్చుంటే అంకెల కంటే నా మొహమే ఎక్కువ కనబడుతుంది.

బ్యాటరీ గంటల్ని పట్టించుకోకండి, వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో, అది చూడండి. 56 వాట్-అవర్ల బ్యాటరీ, మీ పనికి సగటున 8 వాట్లు లాగితే 7 గంటలు. కంపెనీ చెప్పే 18, 20 గంటలు తరచుగా తక్కువ వెలుతురులో వీడియో నడిపి తీసినవి. రెండు రోజులు ఆగుతదంట అంటే, మూత తెరవకుండా కావచ్చు.

ధర, తేదీ

డాలర్ ధరను రూపాయల్లోకి గుణించి "ఇంతే" అనుకోకండి. అమెరికా వాళ్లు చెప్పే ధరలో అక్కడి పన్ను కలిసి ఉండదు, మన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, పని కోసమే కొంటే, బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ వేయించుకోండి. ఆ పన్ను క్రెడిట్ తీసుకోవచ్చు. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల కూడా ఉంది. మా క్లయింట్లకు రోజూ చెప్పి, నా ల్యాప్‌టాప్ బిల్లు మీద మాత్రం నంబర్ వేయించుకోవడం మరిచిపోయిన తెలివితేటలు నావి.

ప్రకటించిన రోజే కొనడం కూడా వద్దు. 2022లో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో 256 జీబీ మోడల్ స్టోరేజీ ముందు మోడల్ కంటే నెమ్మది అని జనం విప్పి చూశాకే బయటపడింది. రెండు స్టోరేజీ చిప్‌ల చోట ఒకటే పెట్టారు. ఏ పుకారూ ఈ మాట ముందు చెప్పలేదు. మొదటి రివ్యూలు, విప్పిన వీడియోలు వచ్చేదాకా ఆరు వారాలు ఆగండి. ఆలోగా పాత మోడల్ ధర తగ్గితే, మీ చీటీలోవి అందులోనే ఉంటే, అదే తెచ్చుకోండి.

ఆగడానికి మాత్రం ఒక తేదీ ఉండాలి. నాది డిసెంబర్ 15. జనవరి నుంచి యార్డుకు కొత్త మిర్చి రావడం మొదలవుతుంది, అప్పుడు కొత్త మెషీన్‌లోకి డేటా మార్చుకునే తీరిక ఉండదు. ఆ రోజుకు నా మొదటి రెండు లైన్లకు సరిపోయేది షాపులో కనబడితే అది, లేకపోతే అప్పటికి ఉన్నవాటిలో యూఎస్‌బీ ఉన్న 14 అంగుళాలది, ఫ్యాన్ ఉన్నా సరే. ఏడాదికోసారి మూత విప్పించుకుంటాను. రిపేరు కుర్రాడికి మాస్కు నేనే తీసుకుపోతాను.

కందిపప్పు ప్యాకెట్ విప్పి ఆదివారం పప్పు చేసేశాం. నిన్న రాత్రి తమ్ముడు మళ్లీ బొమ్మ పంపాడు. "అక్కా, ఈసారి పక్కాగా 980 గ్రాములంట."

"మామూలు యూఎస్‌బీ ఉందంటనా?" అని అడిగాను.

రెండు నీలి టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.