అమ్మిన కాల్‌ని ఎప్పుడు వెనక్కి కొనాలి?

గుంటూరు మిర్చి యార్డు ఎరిగినవాళ్లకు కవర్డ్ కాల్ కొత్తేమీ కాదు. కోల్డ్ స్టోరేజీలో సరుకు మనదే. నెలాఖరుకు ఫలానా రేటుకు ఇస్తానని మాటిచ్చి, ముందే కొంత డబ్బు తీసుకుంటాం. రేటు పెరగకపోతే కొనేవాడు రాడు, డబ్బు మనకే మిగులుతుంది. ఇక్కడ సరుకంటే షేర్లు, ఇచ్చిన మాటే కాల్, ఆ ఫలానా రేటు స్ట్రైక్, గడువు రోజు ఎక్స్‌పైరీ, ముందు తీసుకున్న డబ్బే ప్రీమియం. ఆ మాటను ఎప్పుడు వెనక్కి తీసుకోవాలన్న దగ్గరే చిక్కు.

లెక్క కోసం 500 షేర్ల లాట్ (ఒక కాల్‌కి ఉండే కట్ట) అనుకుందాం. షేరు 1,000 ఉండగా 1,050 స్ట్రైక్ ఉన్న కాల్‌ని షేరుకు 20 చొప్పున అమ్మితే చేతికి 10,000 వచ్చింది.

సమస్య: ప్రీమియం 3కి పడింది, ఇంకా 12 రోజులుంది

టైమ్ వాల్యూ, అంటే ప్రీమియంలో మిగిలిన గడువుకు పలికే విలువ, దాదాపు కరిగిపోయింది. మిగిలిన 1,500 కోసం షేర్లను కట్టిపడేయకండి, కొనేయండి. షేరు మళ్లీ లేస్తే కొత్త కాల్ అమ్ముకోవచ్చు. నేనైతే 80 శాతం చేతికొస్తే ఆగను.

సమస్య: షేరు 1,090, కాల్ 46. స్క్రీన్ మీద 13,000 నష్టం

అరండల్‌పేటలో టీ తాగుతూ మా బాబాయి ఫోన్ నా ముందు పెట్టి, "మునిగిపోయాన్రా" అన్నాడు. కప్పు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. హోల్డింగ్స్ పేజీ తెరిచి, అవే షేర్ల మీద పెరిగిన 45,000 చూపించాక గానీ కుదుటపడలేదు.

కారణం: ఆ 46లో 40 షేరు పెరిగినందుకే, టైమ్ వాల్యూ ఆరే.

పరిష్కారం: 1,050కి ఇవ్వడం మీకు ఇష్టమేనా? అయితే కొనకండి. ప్రీమియంతో కలిపి షేరుకు 1,070 గిట్టినట్టే. షేర్లు వదులుకోలేకపోతేనే కొని, వచ్చే నెల పై స్ట్రైక్ అమ్మండి. అక్కడొచ్చే ప్రీమియం ఈ ఖర్చును ఎంత పూడుస్తుందో ముందే చూసుకోండి. మన స్టాక్ ఆప్షన్లు (షేర్ల మీద కాల్ లాంటి ఒప్పందాలు) యూరోపియన్ రకం కాబట్టి, ఎక్స్‌పైరీ కంటే ముందు షేర్లు ఎవరూ అడగలేరు. ఆ టెన్షన్ వద్దు.

సమస్య: ఎక్స్‌పైరీ రోజు కొనబోతే రేటు అందడం లేదు

కారణం: స్ట్రైక్ దాటి బాగా పైకెళ్లిన కాల్స్‌లో అమ్మేవాళ్లు తక్కువ. పైగా 2019 అక్టోబరు నుంచి స్టాక్ ఆప్షన్లన్నీ ఫిజికల్ సెటిల్‌మెంటే, అంటే తేడా డబ్బు కాదు, షేర్లే చేతులు మారాలి. మార్జిన్ (బ్రోకర్ దగ్గర పూచీగా ఉంచేది) కోసం ప్లెడ్జ్ (తాకట్టు) చేసిన షేర్లు సమయానికి విడిపించకపోతే డెలివరీ తప్పి, మన బదులు షేర్లు వేలంలో కొన్నందుకయ్యే నష్టం మన నెత్తిన పడుతుంది.

పరిష్కారం: ఎన్‌ఎస్‌ఈలో నెల ఎక్స్‌పైరీ ఆఖరి మంగళవారం. దాని ముందు శుక్రవారమే తేల్చుకోండి. షేర్లు ఇచ్చేట్టయితే ప్లెడ్జ్ విడిపించండి. కొనేట్టయితే దొరికిన రేటుకు కొనేసే మార్కెట్ ఆర్డర్ జోలికి పోకుండా, కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్యలో లిమిట్ ఆర్డర్ (మనం చెప్పిన రేటు దాటి కొననిది) పెట్టి, అందకపోతే కొంచెం కొంచెంగా పెంచండి.