సర్వర్‌లో ఎన్‌వీఎం పెట్టినా పలకడం లేదా? ఇలా సరిచేసుకోండి

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు అని బోర్డులు పెట్టి కార్లు తిప్పే ట్రావెల్స్ ఆఫీసులు చాలానే ఉన్నాయి. కొన్నింటికి సొంత బుకింగ్ సైట్లు కూడా వచ్చాయి. వాటి వెనక ఉండేది అద్దెకు తీసుకున్న ఒక చిన్న సర్వర్, అందులో నోడ్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపే సాధనం)తో నడిచే ప్రోగ్రాం. ఆ సర్వర్లు చూసుకునే కుర్రాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోను ఇది: “అన్నా, ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ అయిందనే చెప్పింది. తీరా కొడితే కమాండ్ నాట్ ఫౌండ్ అంటోంది.”

నోడ్ వెర్షన్లు రెండు మూడు ఒకే సర్వర్‌లో ఉంచుకుని, ఏ సైటుకు ఏది కావాలో మార్చుకోవడానికి పనికొచ్చే సాధనం ఎన్‌వీఎం. అది పలకకపోతే చాలామంది వెంటనే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, అదీ ఈసారి ముందు సుడో (పూర్తి అధికారాలున్న ‘రూట్’ యూజర్‌గా కమాండ్‌ను నడిపించే మాట) తగిలించి. దయచేసి ఆ పని చేయకండి. ఉన్న చిక్కు ఒకటైతే అది రెండవుతుంది.

కమాండ్లను ఫోనులో చెప్పినట్టే చెబుతాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ముందు ఎవరి పేరు మీద ఉందో చూడండి

ఎన్‌వీఎం అనేది షెల్ (మీరు కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాం) తెరిచినప్పుడల్లా మెమరీలోకి ఎక్కే ఒక ఫంక్షన్. ఆ పేరుతో డిస్కులో నడిచే ఫైలు ఉండదు కాబట్టి ‘విచ్’ కమాండ్‌తో వెదికితే దొరకదు. ‘కమాండ్’ అని కొట్టి, ఖాళీ వదిలి, గీత, ‘వి’, మళ్లీ ఖాళీ వదిలి ‘ఎన్‌వీఎం’ అని కొట్టండి. తిరిగి ఎన్‌వీఎం అనే జవాబు వస్తే అంతా బాగున్నట్టే.

జవాబు రాకపోతే ‘హూ యామ్ ఐ’ అని కలిపి కొట్టి, మీరు ఏ యూజర్‌గా ఉన్నారో చూసుకోండి. ఎన్‌వీఎం ఏ యూజర్‌తో పెడితే ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లోనే, ‘డాట్ ఎన్‌వీఎం’ అనే దాగిన ఫోల్డర్‌లో కూర్చుంటుంది. తిరుమలలో గది కేటాయించినట్టే ఇది కూడా: ఎవరి పేరు మీద ఇస్తే తాళం వారికే. ‘ఎల్ఎస్, గీత, ఎ’ కొడితే దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి. మీ హోమ్‌లో అది లేక రూట్ హోమ్‌లో ఉంటే సుడోతో పెట్టారని అర్థం. రూట్‌లోని ఆ కాపీని తీసేసి, మామూలు యూజర్‌గా, సుడో లేకుండా మళ్లీ పెట్టండి. ఫోల్డర్ మీ దగ్గరే ఉండి యజమానిగా రూట్ కనిపిస్తే మాత్రం తీసేయనక్కరలేదు, ‘సీహెచ్‌ఓన్’తో ఫోల్డర్ మొత్తాన్ని మీ పేరుకు మార్చుకుంటే చాలు.

ఫోల్డర్ ఉంది, అయినా పలకడం లేదు

ఇన్‌స్టాల్ స్క్రిప్టు, షెల్ తెరుచుకున్నప్పుడు చదివే మీ ‘డాట్ బ్యాష్‌ఆర్‌సీ’ లాంటి ఫైలు చివర మూడు వరుసలు చేరుస్తుంది. మొదటిది ఫోల్డర్ ఎక్కడుందో చెబుతుంది, రెండోది ఎన్‌వీఎంను ఎక్కిస్తుంది, మూడోది ట్యాబ్ నొక్కితే పదం పూర్తయ్యేలా చేస్తుంది. ఇవి పనిచేసేది కొత్తగా తెరిచిన షెల్‌లోనే. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవండి. చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది.

వరుసలే లేకపోతే స్క్రిప్టుకు అలాంటి ఫైలు దొరకలేదన్నమాట. ‘ప్రొఫైల్ నాట్ ఫౌండ్’ అని అది అప్పుడే చెప్పి ఉంటుంది, హడావిడిలో ఎవరూ చదవరు. ‘టచ్’ కమాండ్‌తో ఖాళీ ‘డాట్ బ్యాష్‌ఆర్‌సీ’ ఫైలు సృష్టించి స్క్రిప్టును మళ్లీ నడపండి.

అసలు దిగుమతే కాకపోతే

అందరూ చేసేది స్క్రిప్టును కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు దించే కమాండ్)తో తెచ్చి నేరుగా బ్యాష్ అనే షెల్‌లోకి పంపడం. నాకు ఆ పద్ధతి నచ్చదు. చిరునామాలో వెర్షన్ అంకె తప్పు పడితే వచ్చేది ‘404 నాట్ ఫౌండ్’ అనే ముక్క, బ్యాష్ దాన్నే కమాండ్ అనుకుని “404 అనే కమాండ్ దొరకలేదు” అంటుంది. స్క్రిప్టును ముందు ఫైలుగా దించుకుని, తెరిచి చూసి, తర్వాత నడపండి. సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటు కాలేదని వస్తే సర్వర్ గడియారం వెనకబడి ఉండవచ్చు, ‘టైమ్‌డేట్‌సీటీఎల్’తో సరిచూడండి. ఏమీ అనకుండా ఆగిపోతే కర్ల్ పక్కన గీత, 4 చేర్చి ఐపీవీ4 ద్వారా ప్రయత్నించండి.

జీలిబ్‌సీ అనే పేరు కనిపిస్తే

ఎన్‌వీఎం పలుకుతుంది, నోడ్ దిగుతుంది, నడిపితే మాత్రం “జీలిబ్‌సీ 2.28 దొరకలేదు” అంటుంది. ఇది పాత సర్వర్ల జబ్బు. జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ. నోడ్ 18 నుంచి సిద్ధంగా దొరికే లినక్స్ ఫైళ్లకు జీలిబ్‌సీ 2.28 కావాలి. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, సెంట్‌ఓఎస్ 7లో 2.17. ‘ఎల్‌డీడీ’ పక్కన ఖాళీ వదిలి, రెండు గీతలు, ‘వెర్షన్’ కొడితే మీ సర్వర్‌లో ఎంతుందో తెలుస్తుంది.

జీలిబ్‌సీని ఒక్కదాన్నే చేత్తో మార్చాలని చూడకండి. సర్వర్‌లోని దాదాపు ప్రతి ప్రోగ్రాం దాని మీదే నిలబడి ఉంది, చెడితే లాగిన్ కూడా కాలేరు. నోడ్ 16తో ప్రస్తుతానికి గడుస్తుంది గానీ దానికి 2023 సెప్టెంబరుతోనే భద్రతా సవరణలు ఆగిపోయాయి. డబ్బులు తీసుకునే సైటును దానిపై ఎక్కువ కాలం ఉంచవద్దు. ఉబుంటు 22.04 లేదా 24.04తో కొత్త సర్వర్ తీసుకుని సైటును అక్కడికి మార్చడమే మేలు.

మీరు కొడితే నడుస్తుంది, క్రాన్‌లో నడవదు

అన్నింటికన్నా విసిగించేది ఇది. మరుసటి రోజు బుకింగుల జాబితాను రాత్రిపూట డ్రైవర్లకు పంపే పనిని, చెప్పిన వేళకు పనులను దానంతటదే నడిపే క్రాన్‌కు అప్పగించారనుకుందాం. మీరు నడిపినప్పుడు చక్కగా వెళ్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి అలిపిరికి కారు తీయాల్సిన డ్రైవర్‌కు మాత్రం ఏమీ అందదు.

ఉబుంటులో బ్యాష్‌ఆర్‌సీ ఫైలును తెరిచి పై వరుసలు చూడండి. ఈ షెల్ ముందు మనిషి కూర్చుని లేకపోతే ఇక్కడితో వెనుదిరుగు అని అక్కడే రాసి ఉంటుంది. ఎన్‌వీఎం వరుసలు ఉన్నవి చివర్లో. క్రాన్ అసలు ఆ ఫైలునే చదవదు. సర్వర్‌లో ప్రోగ్రాములను వెనకాల నడిపించే సిస్టమ్‌డీ సేవలదీ అదే పరిస్థితి. బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో ఒకే కమాండ్ పంపితే ఫైలు తెరుచుకున్నా ఆ పై వరుసల దగ్గరే ఆగిపోతుంది.

అందుకే క్రాన్‌లో ఉత్తి ‘నోడ్’ అని రాయకండి. మీరు లాగిన్ అయి ఉన్నప్పుడు ‘ఎన్‌వీఎం విచ్ 22’ కొడితే ఆ వెర్షన్ నోడ్ ఎక్కడుందో పూర్తి దారి చూపిస్తుంది. ఆ దారినే క్రాన్‌లోనూ సిస్టమ్‌డీ ఫైలులోనూ రాయండి. ఎన్‌పీఎం (నోడ్‌తో పాటు వచ్చే ప్యాకేజీల సాధనం) కూడా పిలవాల్సి ఉంటే, అది నోడ్‌ను ‘పాత్’లో, అంటే కమాండ్ల కోసం వెదికే ఫోల్డర్ల జాబితాలో వెదుకుతుంది కాబట్టి నోడ్ ఉన్న ఫోల్డర్‌ను పాత్‌లో ముందుగా చేర్చండి. తర్వాత వెర్షన్ మార్చినప్పుడల్లా ఈ దారిలోని అంకె కూడా మార్చాలి. పాత వెర్షన్‌ను తీసేసే ముందు క్రాన్ పట్టికలో దాని అంకె ఎక్కడైనా మిగిలి ఉందేమో వెదకండి.