ఇంటర్వ్యూకు ఇంగ్లిష్ ఎలా నేర్చుకోవాలి? ముందు తెలుగు వాక్యాన్ని తెంపండి

నల్లగొండలో డిగ్రీ పిల్లలను ఇంటర్వ్యూలకు తయారు చేయడం చాలా ఏళ్లుగా నా పని. ఇంగ్లిష్ రాక వెనక్కి వచ్చినవాళ్లకంటే, ఎవరో రాసిచ్చిన ఇంగ్లిష్ అప్పజెప్పి వెనక్కి వచ్చినవాళ్లనే ఎక్కువ చూశాను. పోలేపల్లి ఫార్మా కంపెనీకి పోయినా, చౌటుప్పల్ ఫ్యాక్టరీకి పోయినా, మాదాపూర్ ఆఫీసుకు పోయినా మొదట వినబడేది ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’. ఆ ఒక్క జవాబు మీ సొంతమైతే మిగతావి వాటంతట అవే వస్తాయి.

200 పేజీల నోట్‌బుక్, పెన్ను, రికార్డర్ ఉన్న ఫోన్ చాలు. ఫోన్‌లో టైప్ చేసుకోవద్దు, చేత్తోనే రాయాలి. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు, నిలబడి మాట్లాడాలి. కూర్చుంటే గొంతు లేవదు.

మొదటి వారం మీకు సరిపోయే ఉద్యోగ ప్రకటనలు ఓ పది చదవండి. మళ్లీ మళ్లీ కనబడే మాటలు (షిఫ్ట్, స్టాక్, రిపోర్ట్, క్వాలిటీ లాంటివి) రాసుకుని ఒక్కోదానితో ఒక్కో వాక్యం చెప్పండి. ఇంగ్లిష్ పేపర్‌లో సంపాదకీయాలు చదవమని అందరూ చెబుతారు. నేను చెప్పను. ఆ భాషతో ఇంటర్వ్యూలో ఎవరూ మాట్లాడరు. అప్లికేషన్ లెటర్‌కు నాలుగు వాక్యాలు చాలు: ఏ ఉద్యోగం, ప్రకటన ఎక్కడ చూశారు, ఏం చదివారు, ఏ పని వచ్చు. ‘ఐ బెగ్ టు స్టేట్’ కొట్టేయండి. ఉద్యోగం అడగడానికి బతిమాలాల్సిన పని లేదు.

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడి నుంచే, కాబట్టి నిదానంగా చదవండి.

ముందు మీ గురించి తెలుగులో చెప్పి రికార్డ్ చేయండి, ఊరి నుంచి వచ్చిన మేనమామకు చెప్పినట్టు. తిప్పర్తి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా ముందు ‘ఐయామ్ ఎ హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్’ అని గడగడా చదివింది. ఏం హార్డ్ వర్క్ చేశావమ్మా అంటే గొంతు ఆగిపోయింది. తెలుగులో అడిగితే, ‘ఊళ్లో వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు పోయి, వడ్ల తేమ చూసి, కాంటా పెట్టించి, లెక్కలు రాసేదాన్ని సార్’ అన్నది. రెండు సీజన్లు చేసిందట. చెప్పాల్సిన బంగారమంతా అందులోనే ఉంది, ఆమె దాచిపెట్టుకుని వచ్చింది.

అయితే ఆ తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి తెస్తే ‘గోయింగ్, సీయింగ్, రైటింగ్’ అని చిక్కుపడుతుంది. మనం పోయి, చూసి, పెట్టించి అని ఎన్ని పనులైనా గొలుసు కట్టి చివర ఒక్క క్రియతో ముగిస్తాం. ఇంగ్లిష్‌కు ఆ గొలుసు పడదు. ‘యి’, ‘సి’, ‘చి’తో ముగిసే మాట వచ్చిన ప్రతిచోటా వాక్యం తెంపండి. తెంపిన ముక్కకు ఎవరు చేశారో ముందు పెట్టండి, ఏం చేశారో వెంటనే పెట్టండి. ‘ఐ చెక్డ్ ద మాయిశ్చర్. ద లిమిట్ వాజ్ సెవెంటీన్ పర్సెంట్. ఐ రోట్ ద వెయిట్స్.’ చిన్న వాక్యాలని సిగ్గుపడొద్దు. వాటిని ‘అండ్’తో అతికించొద్దు కూడా, అతికిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

రెండో గుంట ‘నుంచి’. ‘రెండేళ్ల నుంచి పనిచేస్తున్నా’ అనేది మనకు వర్తమానం, అందుకే నోట్లోకి ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్’ వచ్చేస్తుంది. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’: సిన్స్ 2023. దీన్ని రోజుకు ఇరవైసార్లు పైకి అనాలి, కళ్లతో చదివితే రాదు. ‘మైసెల్ఫ్’తో పేరు మొదలుపెట్టడం, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అనడం కూడా ఇప్పుడే మానేయండి. ‘ఐ హావ్ టూ బ్రదర్స్’ చాలు.

ఇలా పది వాక్యాలు తయారయ్యాక కాగితం మూసేయండి. రోజూ అవే సంగతులు చెప్పండి, వరస మాత్రం మార్చండి. వరస మారితే తడబడుతున్నారంటే బట్టీ పట్టారన్నమాట. బట్టీ పట్టినవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. తేమ ఎక్కువొస్తే ఏం చేశావని అడిగితే ఎవరో రాసిచ్చిన జవాబులో ఏమీ ఉండదు. ఆ అమ్మాయి దగ్గర ఉంది: వడ్లు మళ్లీ ఆరబోయించింది, మరుసటి రోజు మళ్లీ చూసింది.

తర్వాత ఒక స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రతి వాక్యానికీ ‘వై’, ‘హౌ’ అని అడిగించండి. అర్థం కాకపోతే ‘కుడ్ యు ప్లీజ్ రిపీట్ దట్?’ అనండి. తలూపి ఊరుకోవద్దు.

చివర్లో మీరే ఏమైనా అడుగుతారా అంటారు. ‘నో సర్’ అనొద్దు, ఒక ప్రశ్న ముందే సిద్ధం చేసుకోండి. తెలుగులో ప్రశ్నకు మాటల వరస మారదు కనుక ‘వాట్ టైమ్ ద షిఫ్ట్ ఈజ్ స్టార్టింగ్’ అనేస్తాం. ‘వాట్ టైమ్ డస్ ద షిఫ్ట్ స్టార్ట్?’ అనాలి. నల్లగొండ నుంచి రోజూ బస్సులో పోయి రావాలనుకునేవాళ్లు ఇంటికి బయల్దేరకముందే తెలుసుకోవాల్సింది కూడా అదే.