మరుగుజ్జు ఎలుకలో పిట్యూటరీ హార్మోన్లు కొలవాలంటే

పిట్యూటరీ అంటే మెదడు కింద ఉండే చిన్న హార్మోన్ల గ్రంథి. అది ఏర్పడే దశలో, చిట్టెలుక పిండంలో పన్నెండో రోజు ప్రాంతంలో ప్రాప్1 జన్యువు జోరుగా పనిచేస్తుంది. దాని వెనకే పిట్1 అనే జన్యువు మొదలవుతుంది. ఈ వరస తప్పితే గ్రోత్ హార్మోన్, ప్రోలాక్టిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) తయారుచేసే కణాలే సరిగా ఏర్పడవు. ఏమ్స్ మరుగుజ్జు అనే ల్యాబ్ రకం ఎలుకలో ప్రాప్1 ప్రోటీన్ 83వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి ప్రోలీన్ వచ్చింది, అంతే. పెద్దయ్యాక దాని బరువు మామూలు ఎలుకలో మూడో వంతే ఉంటుంది.

ప్రాప్1 జన్యువు రెండు కాపీలూ చెడితేనే ఇలా. ఆడ మరుగుజ్జులకు పిల్లలు పుట్టవు కాబట్టి ఒక్క కాపీ చెడిన జంటల్ని కలపండి. సగటున నాలుగింట ఒకటి మరుగుజ్జు. పోలిక అదే ఈతలోని తోబుట్టువులతోనే చేయాలి. మారింది డీఎన్‌ఏలో ఒక్క అక్షరమే కనుక పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) బ్యాండు సైజు చూసి తేల్చలేరు, ఆ అక్షరాన్ని గుర్తించే సీక్వెన్సింగ్ లాంటి పద్ధతి కావాలి. మూడో వారంలో పాలు మాన్పించే తొందర వద్దు. వీటికి ఒంట్లో వేడి నిలవదు; ఏసీ గదిలో ఒంటరిగా ఉంచకుండా మామూలు ఆడ ఎలుకలతో కలిపి, గూటికి దూది ఇవ్వండి.

అసలు చిక్కు రక్తం దగ్గరే. పది గ్రాముల ఎలుకలో మొత్తం రక్తం సుమారు 0.7 మిల్లీలీటర్లు. బతికుండగా తీయదగింది అందులో పదో వంతు, అంటే 70 మైక్రోలీటర్లు. ప్లాస్మా, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవం, అందులో సగమే. ఎలైజాలో (యాంటీబాడీలతో హార్మోన్ కొలిచే పరీక్ష) ఒకే నమూనాను రెండు గుంటల్లో వేయాలంటే అది ఒక్క హార్మోన్‌కే చాలీచాలకుండా ఉంటుంది. అన్నీ కావాలంటే, ఎథిక్స్ కమిటీ అనుమతించిన పద్ధతిలో, మత్తులో చివరి రక్తం తీయడమే దారి.

గ్రోత్ హార్మోన్ విడతలు విడతలుగా వస్తుంది. ఒక్క నమూనాలో సున్నా వచ్చినా అర్థం లేదు. బదులుగా, గ్రోత్ హార్మోన్ ప్రభావంతో తయారయ్యే ఐజీఎఫ్-1 కొలవండి. ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టిరాన్ అయితే పంజరం కదిపిన మూడు నిమిషాల్లోపు, రోజూ ఒకే వేళకు తీయాలి. రక్తాన్ని ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని రసాయనం) ఉన్న ట్యూబులో తీసి వెంటనే ఐసులో పెట్టి, 4 డిగ్రీల వద్ద 2,000 జి బలంతో పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన ప్లాస్మాను చిన్న వాటాలుగా -80 డిగ్రీల వద్ద దాచండి. హైదరాబాద్‌లో తార్నాక నుంచి హబ్సిగూడకు దూరం తక్కువే కదా అని మే ఎండలో మామూలు ఐసుతో ఆటో ఎక్కకండి, డ్రై ఐస్ ఉండాలి.

టీఎస్‌హెచ్‌ను టీ4తో (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) కలిపి చదవాలి. రెండూ తక్కువైతే లోపం పిట్యూటరీలో, లేదా దాన్ని నడిపించే హైపోథాలమస్‌లో. టీ4 తగ్గి టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్‌ను అనుమానించండి. మనుషుల టీఎస్‌హెచ్ కిట్ చౌకగా దొరుకుతుంది. ఎలుక నమూనాలకు దాంతో అంకెలు వస్తాయి, పనికిరావు.

పిట్యూటరీ గ్రంథిని కూడా తీసి అందులోని హార్మోన్లు కొలవండి. ఫలితాన్ని మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఎంత, మొత్తం గ్రంథికి ఎంత అని రెండు విధాలా రాయాలి. గ్రంథే చిన్నది కాబట్టి మొదటి లెక్క ఒక్కటే రాస్తే లోపం సగం దాగిపోతుంది.