పక్షవాతం తర్వాత చేయి కదలికకు ఆక్యుపంక్చర్‌ను ఎలా వినియోగించుకోవాలి

పక్షవాతంలో దెబ్బ తినేది చేయి కాదు, చేతిని నడిపించే మెదడు భాగం. చేయి మళ్లీ స్వాధీనంలోకి రావాలంటే మెదడులో మిగిలిన భాగాలు ఆ పనిని కొత్తగా నేర్చుకోవాలి. ఆ నేర్పు పదే పదే చేసే సాధనతోనే అబ్బుతుంది. కనుక ఒంటి మీద నిర్ణీత స్థానాల్లో సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్‌ను ఆ సాధనకు తోడుగా పెట్టుకోవాలే తప్ప, దానికి బదులుగా ఎంచుకోకూడదు. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2016లో వెలువరించిన సమీక్ష 2,257 మంది పాల్గొన్న 31 అధ్యయనాలను పరిశీలించింది. కొంత మేలు ఉండవచ్చు గానీ, చాలా అధ్యయనాల నాణ్యత తక్కువగా ఉన్నందున గట్టిగా చెప్పలేమని తేల్చింది. ఇది తెలిసి మొదలుపెడితే ఎంత ఆశించాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించుకోవడం తేలికవుతుంది.

రోగి పరిస్థితి నిలకడగా ఉందని, రక్తపోటు అదుపులో ఉందని న్యూరాలజిస్ట్ చెప్పిన తర్వాతే సూదుల మాట ఎత్తాలి. కదలికలో ఎక్కువ భాగం సాధారణంగా మొదటి మూడు నెలల్లోనే తిరిగి వస్తుంది. అందువల్ల ఆ కాలంలో ఆక్యుపంక్చర్ కోసం ఒక్క రోజు ఫిజియోథెరపీ మానడం కూడా నష్టమేనని నా అభిప్రాయం. సమయమూ డబ్బూ రెండింటికీ చాలకపోతే ఫిజియోథెరపీకే వాటిని కేటాయించండి.

మొదటి సందర్శనకు మందుల చీటీలన్నీ తీసుకువెళ్లండి. వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచబరిచే మందులు వాడుతున్నారా, గుండెలో పేస్‌మేకర్ ఉందా, మూర్ఛలు వచ్చాయా, చేతికి స్పర్శ తెలుస్తోందా అన్నవి అడగకపోయినా మీరే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారు సూదులకు విద్యుత్తు కలిపే పద్ధతికి దూరంగా ఉండాలి. ఒక్కసారి మాత్రమే వాడే స్టెరైల్ సూదుల పొట్లాన్ని మీ కళ్ల ముందే విప్పమని అడగడానికి మొహమాటపడకండి. భుజం, ఛాతీ దగ్గర సూది మరీ లోతుగా దిగితే ఊపిరితిత్తికి రంధ్రం పడే ప్రమాదం అరుదుగా ఉంటుంది. చికిత్స తర్వాత ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకర పోవడం, మాట తడబడడం, కొత్తగా బలహీనత రావడం వంటివి కనిపించినప్పుడైతే సూదుల కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

చేతి కోసం తరచుగా ఎంచుకునే స్థానాలు కొన్ని ఉన్నాయి, వాటిని చైనా పేర్లతోనే పిలుస్తారు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న హేగు, మోచేయి మడత బయటి చివర ఉండే చ్యూచి (Quchi), మణికట్టుకు కాస్త పైన ముంజేయి వెనుక వైపున్న వైగువాన్, భుజం మీది జియన్యు. తల మీద సూదులు పెట్టే పద్ధతిలో, చచ్చుబడిన చేతికి ఎదురు వైపున కదలికలకు సంబంధించిన భాగం మీద గుచ్చుతారు. సూదులను సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. అంతసేపూ చేతిని దిండు మీద ఆనించి ఉంచాలి. బలహీనమైన భుజం కీలు సులభంగా జారుతుంది కనుక, పడుకోబెట్టేటప్పుడూ లేపేటప్పుడూ ఆ చేయి పట్టుకుని లాగకుండా చూసుకోవాలి.

సూదులు తీశాక కాసేపు విశ్రాంతి తీసుకుని, ఆ రోజు సాధన మొదలుపెట్టండి. అసలు పని ఇక్కడే ఉంది. బల్ల ముందు కూర్చుని, అరచేతి కింద మడిచిన తువాలు పెట్టి, దాన్ని నెమ్మదిగా ముందుకు జరిపి వెనక్కి తెచ్చుకోవాలి. నడుము ముందుకు వంగిందంటే, లేదా భుజం చెవి వైపు లేచిందంటే, చేయి చేయవలసిన పనిని ఒళ్లు చేస్తోందన్నమాట. అప్పుడు దూరం తగ్గించి మళ్లీ చేయించాలి. వేళ్లు కదులుతున్నవారు ఖాళీ గ్లాసును పట్టుకోవడంతో పాటు వదలడాన్ని కూడా సాధన చేయాలి. చాలామందికి పట్టుకోవడం కంటే వదలడమే కష్టం. కదలిక ఏమాత్రం లేనివారు మంచి చేతి సాయంతో ఆ చేతిని కదిలిస్తూ, మనసులో కూడా అదే కదలికను ఊహించుకోవచ్చు.

ఫలితాన్ని జ్ఞాపకం మీద ఆధారపడి అంచనా వేయకూడదు. మొదలుపెట్టే ముందు, పక్షవాతం తర్వాత కదలిక ఎంత ఉందో మార్కుల్లో కొలిచే ఫూగల్-మేయర్ పరీక్షను ఫిజియోథెరపిస్ట్‌తో చేయించుకోండి. అందులో చేతికి గరిష్ఠ మార్కులు 66. ఇంట్లో ఒకే కుర్చీ, ఒకే బల్ల, ఒకే గ్లాసుతో వారానికి ఒకసారి వీడియో తీసి ఉంచుకోండి. ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి, మార్కుల్లోనూ వీడియోల్లోనూ తేడా లేకపోతే సూదులు ఆపి, ఆ సమయాన్ని కూడా సాధనకే కేటాయించండి. తేడా కనిపిస్తే అది సూదుల వల్లనా సాధన వల్లనా అన్నది ఒక్క మనిషిలో విడదీసి చెప్పలేము. కాబట్టి చికిత్స కొనసాగించినా వ్యాయామాల సంఖ్య తగ్గించకండి.